జనవరి ఒకటిన ఏ కాగితం నింపాలి? బ్రిటన్, ఈయూ చర్చల ప్రతినిధులకు ఒక రవాణా గుమస్తా బహిరంగ లేఖ

ఆష్‌ఫర్డ్, కెంట్
2020 డిసెంబర్ 17

బ్రిటన్ తరఫున మాట్లాడుతున్న డేవిడ్ ఫ్రాస్ట్ గారికి,
యూరోపియన్ యూనియన్ (ఈయూ) తరఫున మాట్లాడుతున్న మిషెల్ బార్నియే గారికి,

నమస్కారం.

బ్రిటన్ ఈయూ నుంచి విడిపోయాక రెండు వైపులా వ్యాపారం ఎలా సాగాలో తేల్చే ఒప్పందం కోసం ఈ ఏడాది మార్చి 2న మీరు చర్చలకు కూర్చున్నారు. ఆ నెలలోనే బార్నియే గారికి కరోనా సోకింది. ఫ్రాస్ట్ గారు కూడా లక్షణాలు కనిపించి ఇంట్లో ఉండిపోయారు. ఆ తర్వాత చాలాకాలం కంప్యూటర్ తెరల మీదే మాట్లాడుకున్నారు. మీరు కష్టపడటం లేదని నేననను. కానీ డిసెంబర్ 31 గడువుకు ఇంకా పద్నాలుగు రోజులే ఉంది. ఆ కష్టంలోంచి ఏం తేలిందో మాకు ఒక్క ముక్క తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆష్‌ఫర్డ్‌లో ఒక చిన్న రవాణా కంపెనీలో కాగితాల పని చూస్తాను. ఫ్రాన్స్ వెళ్లే లారీలు ఓడెక్కే డోవర్ రేవు మాకు ఇరవై మైళ్లు. స్పెయిన్ టమాటాలు, హాలండ్ పూలు, జర్మనీ మెషిన్ పార్టులు ఇటు వస్తాయి, ఇక్కడి సరుకు అటు వెళ్తుంది. ఇంతవరకు ఏ లోడు ఏ దేశానిదైనా నాకు పెద్ద తేడా లేదు. బండి నంబరు, డ్రైవరు పేరు, లోడు వివరం, అంతే. జనవరి 1 నుంచి ఆ తేడా ఉంటుందని మీరే చెబుతున్నారు. ఎంత తేడా అంటే మాత్రం చెప్పరు.

ఇదే సంగతి ఇంగ్లీషులో ఇప్పటికి మూడుసార్లు రాశాను. ఒకటి మా పార్లమెంటు సభ్యుడికి, ఒకటి సంబంధిత శాఖకు, ఒకటి వ్యాపారుల కోసం పెట్టిన సహాయ కేంద్రానికి. మొదటిదానికి 'మీ ఉత్తరం అందింది' అని మెషిన్ జవాబిచ్చింది. రెండోదానికి వెబ్‌సైట్ చూసుకోమన్నారు. ఆ వెబ్‌సైట్‌లో సందేహం ఉంటే సహాయ కేంద్రానికి రాయమని ఉంది. సహాయ కేంద్రం నుంచి ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. కాబట్టి ఈసారి నా భాషలో, అందరూ చూసేట్టు రాస్తున్నాను. ఈ దేశంలో ఆసుపత్రుల్లో, ఐటీ ఆఫీసుల్లో, గోడౌన్లలో, షాపుల్లో తెలుగువాళ్లం తక్కువేం లేము. వాళ్లు చదివి తమ తమ ఎంపీలను అడిగినా నాకు చాలు.

ముందే ఒక మాట. 2016 జూన్ 23న ఈయూ నుంచి విడిపోదామని 51.9 శాతం మంది ఓటేశారు. ఆ తీర్పుతో నాకు తగువు లేదు. నేను ఎటు వేశానన్నది ఈ ఉత్తరానికి అనవసరం. విడిపోవాలా వద్దా అన్నది జనం తేల్చారు, ఎలా అన్నది మీరు తేల్చాలి. నాలుగున్నరేళ్లు గడిచాయి.

మా ఆఫీసు గోడ మీద ఒక క్యాలెండర్ ఉంటుంది. గడువు తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టడం నాకు అలవాటు. 2019 మార్చి 29కి చుట్టాను, కొట్టేశాను. ఏప్రిల్ 12, కొట్టేశాను. అక్టోబర్ 31, కొట్టేశాను. చివరికి ఈ ఏడాది జనవరి 31 రాత్రి దేశం యూనియన్ నుంచి బయటికి వచ్చింది. హమ్మయ్య అనుకుంటే, అసలు వాణిజ్యం సంగతి డిసెంబర్ 31 దాకా పాత పద్ధతే, ఈలోపు కొత్త ఒప్పందం చేసుకుంటాం అన్నారు. ఎవరి సముద్రంలో ఎవరు ఎంత పట్టుకోవాలన్న చేపల ఒప్పందం జూలై 1కల్లా తేల్చుకోవడానికి ప్రయత్నిస్తామని మీరే రాసుకున్నారు, తేలలేదు. కరోనా కాబట్టి ఇంకొంత సమయం అడుగుదామంటే జూన్ 30లోపు అడగాలి. బ్రిటన్ అడగనంది. అక్టోబర్ 15 ఆఖరన్నారు ప్రధాని బోరిస్ జాన్సన్ గారు. ఆ తేదీ దాటాక, ఒప్పందం లేకుండా సిద్ధపడండన్నారు. వారం తిరక్కముందే మీరు మళ్లీ కూర్చున్నారు. ఈ నెల 9న ఆయన బ్రస్సెల్స్ వెళ్లి యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్‌డెర్ లెయెన్ గారితో భోజనం చేశారు. చర్చలు చేపల దగ్గర ఆగిపోయాయని లోకమంతా చెప్పుకుంటున్న రాత్రి వడ్డించింది కూడా చేపలేనట. అది పేపర్లో చదివి మా డ్రైవర్లు పడి పడి నవ్వారు. ఆదివారం 13వ తేదీ ఆఖరన్నారు. ఆ రోజు వచ్చాక, ఇంకొంత దూరం ప్రయత్నిద్దామన్నారు. నేను ఎర్ర పెన్ను డ్రాయరులో పడేశాను.

మీకు ఇవి చర్చల్లో ఎత్తుగడలు కావచ్చు. ఆఖరి నిమిషం దాకా లాగితే ఎదుటివాడు దిగొస్తాడన్నది ఏ సంతలోనైనా చూసేదే. అయితే సంతలో బేరం ఆడేవాడు తన టైమే పోగొట్టుకుంటాడు. ఇక్కడ పోయేది మా టైము.

మాది నెల్లూరు జిల్లా నాయుడుపేట. నాన్న లారీ డ్రైవరు. మిరపకాయల లోడు వేసుకుని పక్క రాష్ట్రానికి వెళ్లాలంటే సరిహద్దులో చెక్‌పోస్టు దాటాలి. వేబిల్లులో ఒక అంకె అటూ ఇటూ అయితే బండి పక్కన పెట్టించేవాళ్లు. ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి రెండు రోజులు. క్లీనరు, నాన్న బండి కింద చాప పరుచుకుని, రోడ్డు పక్కనే స్టవ్ వెలిగించి వండుకునేవాళ్లు. ఆలస్యమైన రోజులకు కిరాయి పెరగదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, రాష్ట్రాల మధ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. సరిగ్గా ఆ ఏడాదే మార్చి 29న బ్రిటన్ విడిపోతున్నానని ఈయూ ఒప్పందంలోని ఆర్టికల్ 50 కింద నోటీసిచ్చింది. నాన్న ఫోన్లో అడిగాడు: "ఇక్కడ పీకేసినవి అక్కడ పాతుతున్నార్రా?" అలా ఏం ఉండదులే నాన్నా, వీళ్లు పద్ధతిగా చేస్తారు అన్నాను. ఇప్పుడు మా ఊరి పక్కన సెవింగ్టన్‌లో పొలాలు చదును చేసి లారీల తనిఖీ యార్డు కడుతున్నారు. దాని ఫొటో నాన్నకు పంపలేదు.

మీ మధ్య మిగిలినవి మూడే చిక్కులని చెబుతున్నారు. ఒకటి, చేపలు. రెండు, సమాన పోటీ: అంటే బ్రిటన్ రేపు కార్మిక చట్టాలో పర్యావరణ నియమాలో సడలించి, తన కంపెనీలకు సబ్సిడీలిచ్చి చవగ్గా అమ్మితే ఈయూ ఏం చేయాలన్నది. మూడు, మాట తప్పితే ఎవరు తీర్పు చెప్పాలన్నది. ఇవి చిన్నవని నేననను. ముఖ్యంగా మూడోది. సెప్టెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వమే తెచ్చిన బిల్లు, విడిపోయేటప్పుడు ఈయూతో సంతకం చేసిన ఒప్పందాన్ని 'పరిమితంగా' ఉల్లంఘిస్తుందని మంత్రిగారు సభలోనే ఒప్పుకున్నారు. ఆ క్లాజులు ఈ నెలలో వెనక్కి తీసుకుంటామన్నారు, సంతోషం. కానీ మూడు నెలలు ఆ గొడవకు పోయాయి.

సమాన పోటీ అన్న మాట వింటే మాకు వెంటనే బస్సులు గుర్తొస్తాయి. మా తెలుగు రాష్ట్రాలు 2014 జూన్ 2న విడిపోయాయి. ఈ మార్చిలో లాక్‌డౌన్‌తో రెండు ఆర్టీసీల మధ్య బస్సులు ఆగాయి. లాక్‌డౌన్ సడలినా అవి మళ్లీ కదలలేదు. మీ బస్సులు మా నేల మీద ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతున్నాయి, సమానం చేయాల్సిందే అని తెలంగాణ పట్టుబట్టింది. అధికారులు కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. దసరా వచ్చింది, వెళ్లింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాల్సినవాళ్లు సరిహద్దు దాకా ఒక బస్సులో వచ్చి, అక్కడ సంచులు పట్టుకుని నడిచి, అవతల ఇంకో బస్సెక్కారు. డబ్బున్నవాళ్లు ప్రైవేటు ట్రావెల్స్ అడిగినంత ఇచ్చారు. పండగ అయ్యాక నవంబర్ 2న సంతకాలయ్యాయి: ఇటు లక్షా అరవై వేల పైచిలుకు కిలోమీటర్లు, అటు దాదాపు అంతే. అంటే ఆంధ్ర బస్సులు లక్ష కిలోమీటర్లు తగ్గించుకున్నాయి. ఆ లెక్క దసరాకు ముందే ఒప్పుకుని ఉండొచ్చు కదా అని ఇప్పటికీ జనం అడుగుతున్నారు. మీ ఒప్పందం కూడా చివరికి అలాంటి ఒక సర్దుబాటు దగ్గరే ఆగుతుందని నా అంచనా. ఆ సర్దుబాటు క్రిస్మస్ తర్వాత ఎందుకు, ముందే ఎందుకు కాదు?

చేపల గురించి కూడా రెండు మాటలు. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థలో చేపల వేట వాటా 0.1 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అంతమాత్రాన జాలరి గోడు చిన్నదని కాదు. సముద్రంలో గీత దాటారని పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గిన మా ఉత్తరాంధ్ర జాలర్లు ఈ జనవరిలోనే ఇల్లు చేరారు. నీళ్ల మీద గీతలను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇక్కడి జాలర్లు పట్టిన చేపలు, పీతలు, స్కాట్లాండ్ లాంగుస్టీన్లలో (పెద్ద రొయ్యల్లాంటివి) ఎక్కువ భాగం అమ్ముడయ్యేది యూరప్ మార్కెట్లలోనే. సముద్రం మీద హక్కంతా చేతికొచ్చి, పట్టిన సరుకు ఫ్రాన్స్‌లోని కలే రేవులో రెండు రోజులు ఆగిపోతే, ఆ హక్కును ఏ ఐసులో దాచుకోవాలి? అవతల ఫ్రాన్స్‌లో బూలోన్ జాలర్లదీ అదే గతి, వాళ్లకు వల వేసుకోవడానికి ఈ నీళ్లు కావాలి. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పనుంది. ఆ సంగతి ఇద్దరు జాలర్లను ఒక టీ బల్ల దగ్గర కూర్చోబెడితే ఒక పూటలో ఒప్పుకుంటారు.

ఇక మీ ఆలస్యం మా మీద ఎలా పడుతోందో వరసగా చెబుతాను.

1. ఒప్పందం కుదిరినా కాగితాలు తప్పవు. ఈ ముక్క బయట చాలామందికి తెలియదు. ఒప్పందం కుదిరితే సుంకం పోవచ్చు, సరుకు వివరాలు రాసిచ్చే కస్టమ్స్ డిక్లరేషన్ పోదు. ఇప్పుడు ఏడాదికి 5.5 కోట్లున్న డిక్లరేషన్లు వచ్చే ఏడాది 27 కోట్లు అవుతాయని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి, నవంబర్‌లో జాతీయ ఆడిట్ కార్యాలయం అదే ఎత్తి చూపింది. ఎవరు నింపాలి ఇవి? కస్టమ్స్ పని తెలిసినవాళ్లు ఇంకా 50,000 మంది కావాలని రవాణా సంఘాలు ఏడాదిగా మొత్తుకుంటున్నాయి. మా ఆఫీసులో ఆ పని చేసేది నేనొక్కణ్నే. నాకు మూడు రోజుల ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చారు. చెప్పినాయన ప్రతి గంటకోసారి అన్న మాట: "ఇది మారవచ్చు."

2. డ్రైవర్ల సంగతి. ఒప్పందం ఉన్నా లేకున్నా కెంట్‌లో 7,000 లారీలు బారులు తీరవచ్చు, రెండు రోజుల దాకా ఆగాల్సి రావచ్చు అని సెప్టెంబర్‌లో ప్రభుత్వమే ఉత్తరం రాసింది. నవంబర్ 24న ఫ్రాన్స్ పోలీసులు కొత్త తనిఖీలను ఒక్క రోజు ప్రయోగం చేసి చూస్తేనే ఇక్కడ ఐదు మైళ్ల క్యూ పడింది. నిల్వలు పెట్టుకునే తొందరలో ఈ నెలంతా రేవు వైపు వెళ్లే ఎం20 రోడ్డు సగం రోజులు ఆగే ఉంటోంది. జనవరి నుంచి ఈయూకు వెళ్లే లారీ కెంట్‌లోకి రావాలంటేనే పర్మిట్ ఉండాలి, లేకపోతే 300 పౌండ్ల జరిమానా. జరిమానా ఎంతో నిర్ణయమైపోయింది, డ్రైవరు రెండు రోజులు ఆగితే ఒంటికి రెంటికి ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఎవరూ నిర్ణయించలేదు. మా డ్రైవర్లలో పోలండ్, రొమేనియా వాళ్లే ఎక్కువ. వాళ్లు క్యాబ్‌లోనే పడుకుంటారు, క్యాబ్‌లోనే వండుకుంటారు. నాన్నకు కనీసం బండి కింద చాప పరుచుకునే చోటుండేది. డిసెంబర్ చలిలో హైవే మీద అదీ లేదు. 'ఇక కెంట్ ట్రిప్పులు నాకొద్దు' అని ఇద్దరు ఇప్పటికే చెప్పేశారు.

3. చిన్న వ్యాపారులు. పెద్ద కంపెనీలకు లాయర్లుంటారు, గోడౌన్లుంటాయి. లెస్టర్‌లో మాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఇంట్లో మొదలుపెట్టి, ఇప్పుడు నలుగురికి పనిచ్చి పచ్చళ్లు, పిండివంటలు చేస్తుంది. డబ్లిన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మన కుటుంబాలకు ఆమె సరుకు మా బండ్లలోనే వెళ్తుంది. జనవరి 14 సంక్రాంతి. ఏడాదిలో ఆమెకు అసలు వ్యాపారం ఆ రెండు వారాలే. ఆర్డర్లు తీసుకోవాలా వద్దా అని నన్ను అడిగింది. తెలుసుకుందామని కూర్చున్నాను. ఆవకాయలో మామిడికాయ ఇండియాది, నూనె ఇంకో దేశానిది, కలిపింది లెస్టర్‌లో. మరి ఇది బ్రిటన్ సరుకేనా? సుంకం లేని ఒప్పందం కుదిరినా, ఏది ఏ దేశపు సరుకో తేల్చే నియమాలు అందులోనే రాయాలి, అవి మీ టేబుల్ మీద ఉన్నాయి. సున్నుండల్లో నెయ్యి ఉంది. నెయ్యి పాల పదార్థం. పశువుల నుంచి వచ్చిన సరుకు యూరప్ వెళ్లాలంటే పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య పత్రం ఉండాలి. మరి సున్నుండకు కావాలా? మూడు చోట్ల అడిగితే మూడు జవాబులు. ఒకరు అక్కర్లేదన్నారు, ఒకరు కావాలన్నారు, ఒకరు 'సున్నుండ అంటే ఏమిటి' అని అడిగి, చెప్పాక, పైవాళ్లను కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా కనుక్కుంటున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకే లారీలో ఇరవై మంది వ్యాపారుల సరుకు పోతుంది, అందులో ఒక్క పెట్టెకు కాగితం లేకపోతే లారీ మొత్తం ఆగుతుంది. ఆ భయంతో ఆమె పెట్టె ఎక్కించాలా వద్దా అన్నది రేపు నేను తేల్చాలి. ఎక్కించకపోతే ఆ నలుగురికి సంక్రాంతి పని లేదు.

4. ఇంటి ఖర్చు, మందులు. చలికాలంలో ఈ దేశం తినే లెట్యూస్‌లో 90 శాతం, టమాటాల్లో 80 శాతం యూరప్ నుంచే వస్తాయని సూపర్‌మార్కెట్ల వాళ్లే నిరుడు చెప్పారు. ఒప్పందం లేకపోతే సరుకుల ధరలు సగటున 3 నుంచి 5 శాతం పెరుగుతాయని ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఛైర్మన్ ఈ నెలలోనే అన్నారు. వినడానికి చిన్న అంకె. కరోనాతో ఉద్యోగం పోయి ఫుడ్ బ్యాంకు దగ్గర నిలబడ్డ ఇంటికి చిన్నది కాదు. మందుల కంపెనీలను ఆరు వారాల నిల్వ పెట్టుకోమన్నారు. ఈ నెల 8న ఇక్కడ మొదలైన ఫైజర్ టీకా బెల్జియంలో తయారై ఇదే ఇంగ్లిష్ చానెల్ దాటి వస్తోంది. ఇన్సులిన్ వేసుకునే మా పక్కింటి పెద్దాయన రోజూ నన్నే అడుగుతాడు, 'నీకు లోపలి సంగతులు తెలుస్తాయి కదా' అని.

5. రైతులు, ఫ్యాక్టరీలు. ఒప్పందం లేకపోతే కార్ల మీద 10 శాతం సుంకం, గొర్రె మాంసం మీద 40 శాతం దాకా, కొన్ని రకాల మీద ఇంకా ఎక్కువ. ఇక్కడి గొర్రె మాంసం ఎగుమతుల్లో దాదాపు అంతా ఈయూకే పోతుంది. వేల్స్ కొండల మీద గొర్రెలు కాసేవాళ్లకు వేరే మార్కెట్ రాత్రికి రాత్రి రాదు. జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2008 నుంచి మన టాటాలదే కాబట్టి దాని కష్టం ఇండియా దాకా తగులుతుంది. రేవుల్లో రద్దీతో విడిభాగాలు అందక ఈ నెల 9న స్విండన్‌లో హోండా ఫ్యాక్టరీ ఆగింది. గడువు ఇంకా రాకముందే ఇది.

6. ఉత్తర ఐర్లాండ్. 1998 శాంతి ఒప్పందం చెడకూడదని ఈయూలోనే ఉన్న ఐర్లాండ్‌తో భూసరిహద్దులో తనిఖీలు పెట్టలేదు, బదులుగా బ్రిటన్‌కు, ఉత్తర ఐర్లాండ్‌కు మధ్య సముద్రం మీద పెట్టారు. అంటే ఒకే దేశంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరుకు పంపడానికి కాగితాలు. పెద్ద సూపర్‌మార్కెట్లకు ఆరోగ్య పత్రాల విషయంలో మూడు నెలల వెసులుబాటు ఇచ్చారు. బెల్ఫాస్ట్‌లో మూల మీద కిరాణా కొట్టు నడిపేవాడికి ఏం ఇచ్చారు?

ఇవన్నీ చెబితే 'ముందే సిద్ధపడాల్సింది' అంటారు. 'సమయం అయిపోతోంది' అని ప్రభుత్వం టీవీలో, రోడ్డు పక్క బోర్డుల మీద ప్రకటనలు వేయిస్తోంది. అయ్యా, ఎవరికి అయిపోతోంది? పరీక్ష తేదీ చెప్పి, సిలబస్ చెప్పకుండా, పిల్లవాడు చదవడం లేదని తిట్టినట్టుంది. సిద్ధపడమంటే దేనికి? సుంకంతోనా, లేకుండానా? మా డ్రైవరు బ్రిటన్ లైసెన్సుతో ఫ్రాన్స్‌లో నడపవచ్చా, ప్రత్యేక పర్మిట్ కావాలా? రెండిటికీ సిద్ధపడాలంటే రెండింతల ఖర్చు. పది బండ్ల కంపెనీ అది ఎక్కడి నుంచి తేవాలి?

ఈ ఆలస్యం ఒక్క లండన్‌దే అని కూడా నేననను. బ్రిటన్ తన వైపు దిగుమతుల తనిఖీలను జనవరి, ఏప్రిల్, జూలై అని మూడు విడతలుగా పెడతానని జూన్‌లోనే చెప్పింది. అది మంచి పని. ఈయూ మాత్రం మొదటి రోజు నుంచే అన్నీ అమలు అంటోంది. బార్నియే గారూ, నియమం నియమమే. కానీ మీ వైపు లారీ ఆగితే మా వైపూ ఆగుతుంది, రోడ్డు ఒకటే. ఖాళీ బండి వెనక్కి రాకపోతే డబ్లిన్‌కో రోటర్‌డామ్‌కో పోవాల్సిన మీ సరుకూ మోసేవాడుండడు.

కాబట్టి మీ ఇద్దరినీ, మీ వెనక ఉన్న ప్రధానిగారిని, కమిషన్ అధ్యక్షురాలిని మేము అడిగేవి ఇవి:

ఒకటి. ఒప్పందం ఉందా లేదా అన్నది ఈ ఆదివారం, 20వ తేదీ లోపు చెప్పండి. ఆమోదించాలంటే అప్పటికి పాఠం చేతికి రావాలని యూరోపియన్ పార్లమెంటు కూడా అదే తేదీ అంటోంది. ఇంకో గడువు వద్దు.

రెండు. ఏది కుదిరినా, కుదరకపోయినా, అమలుకు కనీసం ఆరు నెలల సర్దుబాటు కాలం ఇవ్వండి. ఈ కాలంలో కాగితాల్లో పొరపాటు చేస్తే సరిదిద్దించండి, సరుకు వెనక్కి పంపకండి, జరిమానా వేయకండి. దొంగ సరుకు తెచ్చేవాణ్ని పట్టుకోండి, దానికి మేము అడ్డం రాము.

మూడు. ఒప్పందం కుదరకపోతే ఆరు నెలల పాటు లారీలు, విమానాలు నడిచేలా ఈయూ ఈ నెల 10న తాత్కాలిక ఏర్పాటు ప్రతిపాదించింది. బ్రిటన్ కూడా అదే చేస్తే అన్న షరతుతో. ఫ్రాస్ట్ గారూ, చేస్తారా చేయరా? ఒక్క ముక్కలో చెప్పండి. ఇది చేపల బేరంతో ముడిపెట్టే విషయం కాదు.

నాలుగు. ఒప్పందం పాఠం సిద్ధమైన రోజే మొత్తం బయట పెట్టండి. వందల పేజీలు ఉంటుందని తెలుసు. పార్లమెంటులో ఒక్క రోజులో చెయ్యెత్తించి పంపేస్తే, అందులో ఏముందో మాకు తెలిసేది మొదటి లారీ ఆగినప్పుడే.

ఐదు. కెంట్‌లో, కలేలో క్యూల్లో నిలిచే డ్రైవర్లకు మరుగుదొడ్లు, తాగే నీళ్లు, వేడి తిండి ఏర్పాటు చేసి, ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్ల భాషల్లో చెప్పండి. పోలిష్, రొమేనియన్, స్పానిష్, టర్కిష్. ఇది ఒప్పందం కోసం ఆగాల్సిన పని కాదు, రేపు పొద్దున మొదలుపెట్టొచ్చు.

ఆరు. మందులు, టీకాలు, పాడైపోయే సరుకు మోసే బండ్లకు విడిగా దారి వదలండి. చేపలూ అందులోకే వస్తాయి.

ఏడు. ఉత్తర ఐర్లాండ్‌లో సూపర్‌మార్కెట్లకు ఇచ్చిన వెసులుబాటు చిన్న కొట్లకూ ఇవ్వండి.

ఎనిమిది. సహాయ కేంద్రంలో మనుషులను పెట్టండి. జవాబు తెలిసిన మనుషులను. ఇచ్చిన జవాబు రాతలో ఇచ్చేలా చూడండి, రేపు రేవులో అధికారి కాదంటే చూపించుకోవడానికి.

మీకు వీలుంటే ఈ శనివారం రాత్రి ఒకసారి ఎం20 మీదికి రండి. ఇద్దరూ కలిసి వస్తే మరీ మంచిది. కరోనా నిబంధనలున్నాయి కాబట్టి దూరంగానే నిలబడి మాట్లాడదాం. మా వాళ్లు టీ ఇస్తారు. ఎనిమిదో నంబరు జంక్షన్ దాటాక బండ్లు ఆగి ఉంటాయి, వెతుక్కోనక్కర్లేదు.

గౌరవంతో,
ఆష్‌ఫర్డ్ రవాణా ఆఫీసులో ఒక గుమస్తా

తా.క.: లెస్టర్ ఆవిడకు 22వ తేదీ మంగళవారం లోపు ఏదో ఒకటి చెబుతానని మాటిచ్చాను. ఆ తర్వాత మినుములు వేయించడం మొదలుపెట్టినా సంక్రాంతికి అందవు. సున్నుండకు పశువైద్యుడి సంతకం కావాలో అక్కర్లేదో మీ ఇద్దరిలో ఎవరికి తెలిసినా దయచేసి రాయండి.